గుట్ట మారిన నక్క

తంగెడుగుట్టకూ రాళ్లగుట్టకూ మధ్య ఒక వాగు. మోకాటి లోతు నీళ్లే. అయినా ఆ వాగే సరిహద్దు.

ఇవతల తంగెడుగుట్ట కింద పచ్చిక బయలు, కుందేళ్లు, కౌజు పిట్టలు. అవతల రాళ్లగుట్ట నిండా రాళ్లు. అవతలివాళ్లు ఇవతలికొచ్చి వేటాడాలంటే నెలకు ఒక్కరోజే అనుమతి. ఇక్కడివాళ్లకైతే ఏ రోజైనా సరే. అది కట్టుబాటు. తప్పినవాడి సంగతి రేచుకుక్కల గుంపు చూసుకునేది.

రాళ్లగుట్ట నక్క తన ఒక్కరోజునూ ఎన్నడూ వృథా చేయలేదు. పోయిన నెల వచ్చి, కుందేలు ముగ్గురు పిల్లల్లో చిన్నదాన్ని ఎత్తుకుపోయింది.

కుందేలు ఏడవలేదు. ఏడిస్తే మిగతా ఇద్దరూ బెదిరిపోతారని. మేత మానేసి పొద ముందు కూర్చుని వాగు వైపు చూసేది.

ఒక పొద్దున నక్క వాగు దాటి, తీరిగ్గా నడుచుకుంటూ వచ్చింది.

"అక్కా, బాగున్నావా?"

కుందేలు పిల్లల్ని పొదలోకి నెట్టింది. పక్క పొదలోంచి కౌజు దూసుకొచ్చింది. "ఏ మొహం పెట్టుకుని పలకరిస్తున్నావురా? ఇవాళ నీ రోజు కాదు, నడు!"

"వేటకు రాలేదమ్మా. ఇల్లు చూసుకోవడానికొచ్చా. రాళ్లగుట్టలో పేరు కొట్టేయించుకుంటున్నా. ఇక మీవాణ్ణే. రోజూ మీ ముఖాలు చూసుకుంటూ బతుకుతా."

"రోజూ మమ్మల్ని మింగుతూ బతుకుతాననరాదూ!"

నక్క పళ్లికిలించింది. "ఇక్కడ పేరు రాయించుకోవాలంటే ఒక ఇల్లుండాలట, పొరుగువాళ్ల సాక్ష్యం ఉండాలట. నిన్న మీ గుట్ట నెత్తినంతా తిరిగొచ్చా. అడవిపిల్లీ, ముంగిసా అక్కడెందుకు కాపురం పెట్టాయో! తిండి ఇక్కడ, ఇల్లు అక్కడా? రోజూ ఎక్కి దిగడానికే ఒళ్లు హూనమవుతుంది. మీ గుట్టవాళ్లకు బొత్తిగా తెలివి లేదు."

కుందేలు చెవులు నిక్కాయి. వీడికి తెలియదు, అనుకుంది.

"ఈ పొద పక్కనే ముళ్లపంది వదిలేసిన బొరియ ఉంది. ఉండు. సాక్ష్యం నేను చెబుతా," అంది.

కౌజు రెక్కలు టపటపలాడించింది. "వదినా! మతి పోయిందా నీకు? నీ బిడ్డను తిన్నవాడికా సాక్ష్యం?"

నక్కకూ అనుమానమొచ్చింది. "నా మీద ఎందుకింత ప్రేమ, అక్కా?"

"ప్రేమ కాదు. ఎటునుంచి వస్తావో తెలియక చస్తున్నా. పక్కనే ఉంటే కంటికైనా కనిపిస్తావు."

పాపం, భయంతో దీని బుర్ర పనిచేయడం లేదు, అనుకుని నక్క బొరియలో దూరి కొలతలు చూసుకుంది. సరిగ్గా తన ఒంటికి సరిపోయింది. సంబరంగా వాగు దాటి వెళ్లిపోయింది.

"ఇక నీతో నాకు మాటల్లేవు," అంది కౌజు.

"సరే. రేపు మీ ఆయన్ని బయలు మధ్యలో నిలబెట్టు. మరుదుల్ని వాగు దాకా వరసగా నిలబెట్టు."

"నేనెందుకు నిలబెడతాను?"

"వాడి చేత ఊళ వేయిస్తారుగా."

కౌజుకు సంగతి అర్థమైంది. వెంటనే మొగుడి దగ్గరికి ఎగిరింది.

మర్నాడు గుట్ట లెక్కలు చూసే ఉడుము తాత వచ్చాడు. గోళ్లతో బండ మీద గీతలు గీయడం ఆయన పని. గీశాక ఎవడొచ్చి బతిమాలినా చెరపడు.

"పాత చోట పేరు కొట్టేసిన ఆనవాలేదీ?"

నక్క చెవి చూపించింది. కొత్త గాటు, ఇంకా పచ్చిగా ఉంది.

"సాక్ష్యం?"

"ఈ బొరియ వీడిదే. నేనిచ్చాను," అంది కుందేలు.

"ఇక కట్టుబాట్లు వినిపిస్తా. మొదటిది..."

"తెలుసులే తాతా! ఇక్కడివాణ్ణయ్యుండి ఇక్కడి కట్టుబాట్లు తెలియవంటావా? గీత గీసెయ్."

"మూడూ తెలుసా?"

"మూడూ!" అంది నక్క. అవి మూడని కూడా దానికి అప్పుడే తెలిసింది.

"సరే. బొరియ వాకిట నిలబడి ఒక్క ఊళ వెయ్."

నక్క తికమక పడింది. ఎందుకని అడిగితే పరాయివాడని తేలిపోతుంది. తన వేటకు ఎంత మేర రాసివ్వాలో కొలుస్తున్నారు కాబోలు, అనుకుంది.

"గట్టిగా వెయ్యి తమ్ముడూ," అంది కుందేలు. "మళ్లీ అడగరు."

నక్క మూతి పైకెత్తి, కడుపులో ఉన్నదంతా కూడదీసి ఊళ వేసింది.

"వినపడిందీ!" బయలు మధ్యలోంచి ఒక కౌజు.

"ఇక్కడా వినపడిందీ!" బయలు చివర్నుంచి ఇంకొకటి.

"వాగు దాకా వినపడిందోయ్!"

ఉడుము తాత బండ మీద పొడవాటి గీత గీశాడు. "బయలంతా వచ్చింది."

నక్క నోట్లో నీళ్లూరాయి. పొద చాటున రెండు పిల్లలు తల్లి పొట్ట కిందికి దూరాయి. కుందేలు కదల్లేదు.

"ఇవాళ్టినుంచే మొదలెట్టొచ్చా తాతా?"

"మొదలెట్టు. బయలు దాటాక."

"దాటాకేంటి?"

"మూడో కట్టుబాటు. తెలుసన్నావుగా? వేటాడేవాడు తన ఇంటి వాకిట ఊళో కూతో వేస్తే ఎంత దూరం వినపడుతుందో, అంత మేర నెత్తురు చిందించకూడదు. ఇంటి దగ్గర నెత్తురు పడితే చిరుత వాసన పట్టుకుని వస్తుంది, అందరి పిల్లలూ పోతారు. మనవాళ్లంతా గుట్ట నెత్తిన ఉండేది అందుకేగా."

నక్క ముఖం వాడిపోయింది. "అయితే ఇల్లు మారతా."

"మారొచ్చు. రెండు వానాకాలాలు పోయాక."

"అసలు ఈ గుట్టే వద్దు, రాళ్లగుట్టకే పోతా!"

"పో. చెవికి గాటుందిగా. అక్కడ నువ్విప్పుడు పరాయివాడివి. నెలకు ఒక్కరోజు."

నక్క కుందేలు వైపు తిరిగింది. "ఇదంతా నీకు ముందే తెలుసా అక్కా?"

"ఇక్కడ పుట్టినవాళ్లందరికీ తెలుసు."

గుట్ట మీద రేచుకుక్క ఒకటి ఈల వేసినట్టు కూసింది. నక్క కుందేలు మీదికి ఎత్తిన కాలు దించేసింది.

ఆ రోజునుంచి నక్క వాగు ఒడ్డున నెత్తురు చిందని పీతలు పట్టుకుని తింటోంది. కుందేలుకు భయం పూర్తిగా పోలేదు. గుట్ట మీంచి అడవిపిల్లి దిగే రోజులు ఎలాగూ ఉంటాయి. అయినా పొద్దున్నే పిల్లలిద్దర్నీ నక్క బొరియ వాకిటికే మేతకు తీసుకెళ్తుంది. అక్కడ గడ్డి లేతగా ఉంటుంది. లోపలినుంచి రెండు కళ్లు చూస్తూ ఉంటాయి.

"తినండి," అంటుంది పిల్లలతో. "నేనున్నా."

నీతి: పేరు రాయించుకున్నంత మాత్రాన ఎవరూ ఊరివాళ్లు కారు, ఆ ఊరి కట్టుబాటు తెలిసి పాటించినవాళ్లే ఊరివాళ్లు.