అంచు ఇచ్చిన ఎత్తు

కొండ కొమ్మున ఒక కోట ఉంది. నీళ్లు మాత్రం అడుగున, ఏట్లో ఉన్నాయి. దారి ఉందంటే ఉంది; ఒట్టి చేతులతో పాకి ఎక్కాల్సిందే, బిందెతో ఎక్కలేరు.

అందుకని కోట అంచున గిలక కట్టారు. తాడుకి ఈ కొసన గంప, ఆ కొసన బిందెలు. ఎవరైనా గంపలో కూర్చోగానే కిందున్న పడవవాడు మనిషిని చూసి బిందెలు కట్టేవాడు. గంప దిగుతుంటే నీళ్లు పైకి లేచేవి. బక్కపలచని దర్జీ దిగితే రెండు బిందెలు. బొద్దుగా ఉండే వంటావిడ దిగితే నాలుగు. దిగినవాళ్లు మళ్లీ పాకుతూ పైకొచ్చేవాళ్లు; ఖాళీ బిందెలు కిందికి దిగితే ఒట్టి గంప పైకొచ్చేది.

కొత్తగా గద్దెనెక్కిన రాజు అది చూసి రెప్ప వేయలేదు. ఎవరూ చేత్తో లాగడం లేదు. నీళ్లు వాటంతట అవే ఆకాశంలోకి నడిచొస్తున్నాయి!

"ఇంత బలం ఎవరిది?"

"ఆ అంచుదే ప్రభూ," అన్నాడు మంత్రి.

రాజు అంచుకి మొక్కాడు. బంగారు రేకు తాపడం చేయించాడు, చుట్టూ కంచె వేయించాడు. మనుషుల కాళ్లు అక్కడ పడకూడదన్నాడు. ఒట్టి గంపకి పూలదండ వేసి, నీళ్ల కోసం చూస్తూ కూర్చున్నాడు.

గిలక కదల్లేదు. మూడో రోజుకి కోటలో పసిపిల్లలు ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు.

"అంచుకి కోపమొచ్చిందా?" అన్నాడు రాజు, నాలుక పిడచకట్టుకుపోయి.

"దానికెందుకండీ కోపం? దాని ఎత్తు దానికుంది," అంది వంటావిడ కంచె బయటనుంచి. "కూర్చునేవాళ్లేరీ? నన్ను రానివ్వరాయె. పోనీ తమరే కూర్చోండి."

మంత్రి దగ్గాడు. రాజు కిరీటం తీసి అతని చేతిలో పెట్టి, పూలదండ పక్కకి నెట్టి, గంపలో కూర్చున్నాడు.

కాళ్ల కింద అంతా గాలి. తను ఏమీ చేయడం లేదు, ఊరికే బరువుగా ఉన్నాడంతే. సగం దారిలో బిందెలు ఎదురొచ్చాయి, నిండుగా, తొణుకుతూ. ఒక చుక్క ఆయన పెదవి మీద పడింది.

పైనుంచి వంటావిడ కేకేసింది: "మూడే బిందెలండోయ్, ప్రభువులవారూ! నాకు నాలుగు!"

కోటంతా తాగుతూ నవ్వింది.

రాజు మోకాళ్లు గీరుకుంటూ పైకొచ్చేసరికి పొద్దు వాలింది. కంచె ఎవరో పీకేశారు. గంప దగ్గర వరసలో వంటావిడ ఉంది. ఆయన ఆమె వెనక నిలబడ్డాడు.

అప్పుడే ఒక పిచ్చుక వచ్చి ఖాళీ గంప మీద వాలింది. గిలక కిర్రుమనలేదు కూడా.

రాజు పిచ్చుకకేసి చూశాడు. తనకిచ్చినంత ఎత్తూ అంచు దానికీ ఇచ్చింది; లేనిది బరువే.