ఒక్క నిమిషం సార్

"ఫీల్డులోనే ఉండనా, ఆఫీసులో కుర్చీ పని అడుక్కోనా? మీరేం చెప్తే అది చేస్తాను మేడమ్" అంది హిమజ.

విద్యుత్ శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి మందాకిని గారు. ఆదివారం పొద్దున ఆ శాఖలో పనిచేసే ఆడ ఇంజనీర్లు ఆవిడ దగ్గరికి వస్తుంటారు. మీటింగులో మాట తుంచేసినవాడికి ఎలా జవాబివ్వాలో, పై అధికారికి కాదని ఎలా చెప్పాలో, పాతికమంది మగ సిబ్బంది చేత పని ఎలా చేయించుకోవాలో ఆవిడ కూర్చోబెట్టి నేర్పుతారు. హిమజ రెండేళ్లుగా వస్తోంది. మొన్న ప్రమోషన్ల జాబితాలో ఆమె పేరు రాలేదు. ఆమె వెనక చేరినవాళ్ళ పేర్లు రెండు వచ్చాయి.

"ఇంత నేర్చుకుని నాకు ఒరిగిందేమిటో కూడా చెప్పండి" అందామె, కాస్త నిష్ఠూరంగా.

మందాకిని గారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి ఆ రోజు హిమజకి చెప్పారు.

పదకొండేళ్ళ కిందట పక్క జిల్లాలో, సముద్రం ఒడ్డు సెక్షన్‌లో సత్యవాణి అనే అమ్మాయి అసిస్టెంట్ ఇంజనీరుగా ఉండేది. తెలివైనదే గాని నలుగురిలో గొంతు పెగిలేది కాదు. మందాకిని గారు ఆమెను చేరదీశారు. ఏ మీటింగుకి వెళ్ళినా ముందురోజే ఫోన్లో ఇద్దరూ ఎవరేమంటారు, దానికేమనాలి అని మాట మాటా సరిచూసుకునేవారు. ఏడాది తిరిగేసరికి సత్యవాణి మాటంటే సిబ్బందికి గురి కుదిరింది. "మీ శిష్యురాలు మీలాగే మాట్లాడుతోందండీ" అని ఎవరైనా అంటే మందాకిని గారికి లోపల ఎంతో గర్వంగా ఉండేది. చిన్నా పెద్దా ప్రతిదానికీ ఆ అమ్మాయి తనకు ఫోన్ చేస్తుంటే, అదీ బాగానే ఉండేది.

ఆ ఏడు తుపానుకి లైన్లన్నీ తెగిపడ్డాయి. మూడో రోజు మధ్యాహ్నం అప్పలస్వామి అనే లైన్‌మన్ ఊరవతల స్తంభమెక్కి తీగలు సరిచేస్తున్నాడు. అతను దిగి కబురు చెప్పేదాకా సబ్‌స్టేషన్‌లో ఆ లైనుకి కరెంటు ఇవ్వకూడదు. అంతలో డివిజనల్ ఇంజనీరు సత్యవాణికి ఫోన్ చేశాడు. "టౌన్లో పెద్దాఫీసర్లు చీకట్లో కూర్చున్నారమ్మా. మీవాడు ఈపాటికి దిగే ఉంటాడు. లైన్ ఇచ్చేద్దామా?"

"ఒక్క నిమిషం సార్" అంది సత్యవాణి. అని, మందాకిని గారికి ఫోన్ చేసింది.

ఆవిడ అప్పుడు తుపాను పనుల సమీక్షలో ఉన్నారు. ఫోన్లో పేరు చూశారు. సాయంత్రం మాట్లాడొచ్చులే అనుకుని కట్ చేశారు. సత్యవాణి మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశారు.

ఆ ఒక్క నిమిషాన్ని డివిజనల్ ఇంజనీరు ఒప్పుకోలుగా తీసుకున్నాడు. తనే సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి, "ఏఈ గారు సరేనన్నారు, లైన్ ఇచ్చెయ్" అన్నాడు. అప్పలస్వామి దిగలేదు. అతణ్ణి తోటివాళ్ళు దించారు.

విచారణలో సత్యవాణి మీద ఏ తప్పూ రాలేదు. లైన్ ఇవ్వమని ఆమె అనలేదు. వద్దని కూడా అనలేదు గాని, ఆ సంగతి రాయడానికి వాళ్ళ కాగితాల్లో చోటు లేదు.

విచారణకు ముందు మందాకిని గారు ఆమె క్వార్టర్స్‌కి వెళ్ళారు. సత్యవాణి అప్పుడే అప్పలస్వామి ఇంటి నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూర్చుని ఉంది. పక్కన కూర్చుని మందాకిని గారు అలవాటు ప్రకారం మొదలుపెట్టారు. "వాళ్ళు నిన్ను ఇలా అడుగుతారు. నువ్వు ఇలా చెప్పు..."

"ఏం చెప్పాలో ఆ రోజూ నాకు తెలుసు మేడమ్" అంది సత్యవాణి. గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. "మనిషి స్తంభం మీదున్నాడు, లైన్ ఇవ్వను. ఇంతేగా. మీరు ఔనంటే అందామనుకున్నాను."

మందాకిని గారు లేచారు. ఆ అమ్మాయి తలుపు దాకా వచ్చి, "ఇక నాకు ఫోన్ చెయ్యకండి మేడమ్. నేనూ చెయ్యను" అంది.

తర్వాతి సంగతులు మందాకిని గారు వాళ్ళనీ వీళ్ళనీ అడిగి తెలుసుకున్నవే. మరుసటి వానాకాలం అదే అధికారి మళ్ళీ అలాగే తొందర పెడితే, ఆయన మాట పూర్తికాకముందే "ఇవ్వను" అందట సత్యవాణి. మెమో ఇచ్చారు. కొండల్లో ఎవరూ కోరుకోని సెక్షన్‌కి బదిలీ చేశారు. వెళ్ళింది. అక్కడ ఆరేళ్ళు చేసింది. తను ఉన్నన్నాళ్ళూ ఒక్క మనిషిని పోగొట్టుకోలేదు. ఇప్పుడు డివిజనల్ ఇంజనీరు. ఆమె పక్కన నిలబడి ఎలా మాట్లాడాలో చెప్పినవాళ్ళెవరూ లేరు.

చెప్పడం అయిపోయింది. వీధిలో కూరగాయల బండి అరుపు దగ్గరికొచ్చి దూరమైంది. "మరి నన్నేం..." అని మొదలుపెట్టిన హిమజ అక్కడే ఆగిపోయింది. మందాకిని గారి ముఖం చూడలేక ఒళ్ళోని కళ్ళజోడు వంక చూసింది.

"ఆవిడ మళ్ళీ ఎప్పుడూ రాలేదా మేడమ్?" అని అడిగింది.

"రాలేదు" అన్నారు మందాకిని గారు. "నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో ఎదిగింది ఆమే."