జెండా కింద నిలబడని వకుళ

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి, నాకూ తెలీదు. చిత్రగిరి అనే రాజ్యం ఉండేది, అంతే. అక్కడొక పెద్ద విద్యాశాల ఉండేది. పన్నెండేళ్ళు వచ్చేదాకా పిల్లలందరూ అన్నీ చదవాలి. పదమూడో ఏట ఒక్క శాస్త్రం పట్టుకోవాలి.

దానికో పద్ధతి ఉంది. వసంత పౌర్ణమినాడు మైదానంలో శాస్త్రానికొకటి చొప్పున జెండాలు పాతేవారు. నగారా వెయ్యి దెబ్బలు మోగేలోగా పిల్లలు ఏదో ఒక జెండా కింద నిలబడాలి. నిలబడితే బతుకంతా ఆ శాస్త్రమే. నిలబడలేదా, చదువు అక్కడితో సరి. రెండోసారి అడిగే వీల్లేదు.

ఇక జనం సంగతి వినండి. ఏ యేడు రాజుగారు ఎవరికి పల్లకీ బహుమానమిస్తే, ఆ యేడు పిల్లలంతా ఆయన జెండా కిందే. ఒక యేడు ఫిరంగులు పోతపోసినాయనకి పల్లకీ దక్కింది. ఊరినిండా ఫిరంగుల పండితులే తయారయ్యారు. యుద్ధం మాత్రం రాలేదు. పాపం, వాళ్ళు పశువుల మెడల్లోకి గంటలు చేసుకుని బతికారు. అయినా జనానికి బుద్ధి రావద్దూ? ఈ యేడు గ్రహణాన్ని ఘడియతో సహా చెప్పిన గణకాచార్యులవారికి పల్లకీ ఇచ్చారు. ఇంకేముంది, ఎవర్ని కదిలించినా చుక్కల శాస్త్రమే.

ఆ ఊళ్ళో బెల్లం వర్తకుడు పేరిశెట్టి. అతని కూతురు వకుళ. తెలివైన పిల్లే, కానీ కాలు ఒక్కచోట నిలవదు. జెండాల పండగ నెలరోజులుందనగా ఆ పిల్లకి అన్నం సయించడం మానేసింది. తండ్రి చుక్కల శాస్త్రమన్నాడు. మేనత్త వైద్యమంది, ఇంట్లో ఒకరికి వైద్యం వస్తే అందరికీ మంచిదట. పక్కింటాయన తన కొడుకు ఏది చదివితే అదే చదవమన్నాడు. ఆ కొడుక్కి తానేం చదవాలో తెలిస్తే కదా!

వకుళకి ఒళ్ళు మండింది. వీళ్ళని అడిగితే వాళ్ళకి నచ్చింది చెబుతున్నారు, నేనే చేసి చూస్తానని బయల్దేరింది.

ముందు గణకాచార్యుల దగ్గర తొమ్మిది రోజులుంది. ఆయనిచ్చిన లెక్కలన్నీ ఒక్క తప్పు లేకుండా చేసింది. ఇరవై ఏళ్ళలో ఇంత చురుకైన పిల్లని చూడలేదని ఆయన మెచ్చుకున్నాడు. వకుళకి సంతోషమే. కానీ భోజనాల గంట ఎప్పుడు కొడతారా అని చెవి అటే వేసుకుని ఉండేది. తొమ్మిదో రోజు సంచి సర్దుకుంటుంటే ప్రాణం లేచొచ్చింది.

తర్వాత వైద్యశాలలో తొమ్మిది రోజులు. మూలికలు నూరింది, కషాయాలు కాచింది. నీది మంచి చెయ్యమ్మా అని వైద్యురాలు వెన్ను తట్టింది. అక్కడా అదే గోల, గంట ఎప్పుడు కొడతారా అని.

మూడోది కాలవల శాస్త్రం. దానికి పెద్ద కొమ్మన. మోకాళ్ళదాకా బురద, నెత్తిన తువ్వాలు, మాటలో మెత్తదనం లేని మనిషి. నాలుగేళ్ళుగా అతని జెండా కింద ఒక్కరూ నిలబడలేదు. అతను వకుళని కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళి, నీరు కారుతున్న చోటు చూపించాడు. గట్టు తెగితే కిందున్న చేలన్నీ మునుగుతాయని చెప్పి, దీన్ని ఆపమని తన పనికి తాను పోయాడు.

వకుళ కారేచోట బంకమట్టి మెత్తింది. మర్నాటికి పక్కన కారింది. మట్టిలో గడ్డి కలిపి దట్టించింది. ఈసారి జానెడు కింద కారింది. రాళ్ళు పేర్చి మట్టి కూరింది. రెండుచోట్ల కారింది!

కొమ్మన వచ్చి చూశాడు. "చుక్కల దగ్గరికే పో అమ్మా. నీకిది రాదు," అన్నాడు.

వకుళ ఏడుస్తూ ఇంటికెళ్ళింది. పొద్దున్నే ఎవరూ పిలవకుండానే మళ్ళీ గట్టు మీద ఉంది. తొమ్మిది రోజులు పన్నెండయ్యాయి. భోజనాల వేళ దాటిపోతోందని రోజూ ఎవరో ఒకరు కేకేసి చెప్పాల్సి వచ్చేది.

పేరిశెట్టి తల పట్టుకున్నాడు. పొగిడినచోట ఉండక తిట్టినచోటికి పోతావేమే అని అడిగాడు.

"ఏమో నాన్నా," అంది వకుళ. "ఆ నీళ్ళు ఎందుకు కారుతున్నాయో తెలిసేదాకా నా మనసు మనసులో ఉండదు."

జెండాల పండగ రానే వచ్చింది. చుక్కల జెండా కింద వందలమంది పిల్లలు ఒకర్నొకరు తోసుకుంటున్నారు. గణకాచార్యులు వకుళ కోసం ముందు వరసలో చోటుంచాడు. కొమ్మన తన జెండా కింద ఒక్కడే నిలబడ్డాడు. నగారా మొదలైంది. వంద దెబ్బలయ్యాయి, రెండొందలయ్యాయి, వకుళ జాడ లేదు. పిల్ల ఎక్కడుందో పేరిశెట్టికి తెలుసు. పంచె ఎగ్గట్టి కాలవవైపు పరిగెత్తాడు.

వకుళ కాలవలో నడుంలోతు నీళ్ళలో ఉంది. గుప్పెడు గుప్పెడు తవుడు తీసి నీళ్ళ మీద చల్లుతోంది.

"వకుళా, నగారా మోగుతోంది తల్లీ! నీ చదువు పోతోంది!"

వకుళ తలెత్తింది. "ఇవాళేనా?" అంది.

నెల ముందే తిండి మాని బెంగపడ్డ పిల్ల, తీరా ఆ రోజొచ్చేసరికి రోజే మరిచిపోయింది.

"నాన్నా, కారేచోట మూస్తే లాభం లేదు. నీళ్ళు లోపలికి దూరేచోట మూయాలి. చూడు, తవుడంతా ఇక్కడికే లాక్కుపోతోంది. కింద ఎండ్రకాయ బొరియ ఉంది," అంటూ వకుళ భుజందాకా చెయ్యి బొరియలో పెట్టేసింది.

ఇంతలో గట్టు మీద అడుగుల చప్పుడు. పేరిశెట్టి పరుగు చూసి కొమ్మనకి సంగతి అర్థమైంది. తన జెండా పీక్కుని, భుజాన వేసుకుని వచ్చేశాడు. వెనకాలే పేర్లు రాసుకునే రాజోద్యోగి రొప్పుతూ వస్తున్నాడు, ఇది పద్ధతి కాదని అరుస్తూ. నగారా చివరి దెబ్బలు దూరం నుంచి వినబడుతున్నాయి. కొమ్మన జెండా కర్రని వకుళ నెత్తిమీద నీడ పడేలా గట్టులో పాతాడు. నగారా ఆగింది.

"పిల్ల జెండా కింద ఉండాలన్నది శాసనం. ఉంది కదా," అన్నాడు కొమ్మన. "జెండా ఎక్కడుండాలో శాసనంలో రాయలేదు. కావాలంటే చదువుకోండి."

రాజోద్యోగి తాటాకులు అటూ ఇటూ తిరగేశాడు. నిజమే, ఆ ముక్క ఎక్కడా లేదు. గంటం తీసి వకుళ పేరు కొమ్మన పేరు కింద రాశాడు.

వకుళ ఇదేదీ విన్లేదు. ఇంకో ముద్ద మట్టి అందించమని చెయ్యి చాపింది. రాజ్యంలో ఎవరి మాటా వినని కొమ్మన గబగబా వంగి మట్టి అందించాడు. కాసేపటికి గట్టు అవతల కారడం ఆగింది.

అందుకే పిల్లలూ, పల్లకీ ఎటు పోతోందో చూడకండి, ఎవరు పొగిడారో చూడకండి. మూడుసార్లు ఓడిపోయి కూడా మళ్ళీ ఎక్కడికి వెళ్ళాలనిపిస్తుందో, అదే మీ చదువు.