తవిటయ్య సున్నపు చుక్క

ముందే ఒక మాట. నాకు ఒకటిని రెండు చేసి చెప్పే జబ్బుంది. మా ఇంట్లోవాళ్ళు నా మాటలో సగం తీసేసి వింటారు. మీరూ అలాగే వినండి, సరిపోతుంది.

అనగనగా, ఫోటో పెట్టెకు మూడు కాళ్ళూ ఒక నల్ల ముసుగూ ఉన్న కాలంలో, కుమ్మరుల ఊళ్ళో తవిటయ్య అనే ఫోటోలవాడు ఉండేవాడు. అతని పెట్టెకొక కన్ను. కంటికి రెప్పలాంటి మూత. మీట నొక్కితే మూత తెరుచుకుని టక్కున మూసుకోవాలి. కంటి ముందు దూర్చడానికి మూడు రేకు బిళ్ళలు: పెద్ద కంతది, నడిమి కంతది, చిన్న కంతది. ఒక్కో మెట్టు తగ్గితే వెలుతురు సగమవుతుంది. "ఎండలో పెద్ద కంత" అన్నాడు పెట్టె అమ్మినవాడు. తవిటయ్య అదే పెట్టాడు.

మొదట కల్లు కోసం తాళ్ళెక్కే లచ్చన్నను తీశాడు. ఫోటోలో ముఖం లేదు! సున్నం కొట్టిన గోడలా తెలుపు. ఊరు నోరు తెరిచింది, మూయడం మరిచింది. మూడో రోజున లచ్చన్న తాడిచెట్టు మీంచి పడి చనిపోయాడు.

తర్వాత గానుగ ఎద్దును తీశాడు. అదీ తెలుపే. ఊరు నోరు తెరిచింది, మూయడం మరిచింది. మూడో రోజున ఎద్దు కూలబడి చచ్చింది.

ఆ మర్నాడే కుమ్మరి సూరప్పడి పెళ్ళాం పోలమ్మ ఫోటో చేతికొచ్చింది.

"ఓలమ్మో! నా మొకమేదిరా?" అంటూ పోలమ్మ మంచమెక్కింది.

మొదటి రోజు తినలేదు. రెండో రోజు తాగలేదు. ఆ మధ్యాహ్నానికి మొగుణ్ణి తిట్టడం కూడా మానేసింది. అప్పుడు సూరప్పడికి నిజంగా భయమేసింది.

"ఒరే తవిటిగా! అది పోయిందా, కుండలతో పాటు నీ పెట్టెనీ ఆవంలో పెట్టి కాల్చేస్తాను. దాని పక్కన నిన్నూ!"

"మావా, నాకూ భయంగానే ఉంది. ఇది నిజంగా ప్రాణాలు పీల్చేస్తందేటి?"

తవిటయ్య సారె పక్కన కూలబడ్డాడు. కుండలు చేసే ఆ చక్రం ఇంకా తిరుగుతోంది. అంచున అంటుకున్న తెల్లమట్టి చుక్క గిర్రున గీత గీస్తోంది. తవిటయ్య కళ్ళు అక్కడే అతుక్కుపోయాయి.

"మావా, తాళం వేసినట్టు చప్పట్లు కొడితే దెబ్బకొక చుట్టు చొప్పున తిప్పగలవా?"

"నిద్దట్లో తిప్పగలను. ఎందుకూ?"

తవిటయ్య అంచున సున్నపు చుక్క పెట్టాడు. రెండు చప్పట్ల మధ్య సేపులో పావు వంతే మూత తెరుచుకుంటుందని అమ్మినవాడి మాట. అదే నిజమైతే ఫోటోలో చుక్క పావు చుట్టే గీయాలి. ఒకసారి తీశాడు: సగం చుట్టు. రెండోసారి: సగం చుట్టు. మూడోసారి: సగం చుట్టు!

ఈసారి తవిటయ్య నోరు తెరిచాడు, మూయడం మరిచాడు.

"మావోయ్! ఇది పిశాచం కాదు, బద్ధకం! మూత రెట్టింపు సేపు తెరుచుకునుంటంది. వెలుతురు రెట్టింపు పడి మొకాలు చెరిగిపోతన్నాయి."

"మరి ఆ మూత బాగుసెయ్యి!"

"బాగుచేసేవాడు పట్నంలో ఉన్నాడు. పోలమ్మత్త రేపటిదాకే ఉంటానంటంది. ఎంత బద్ధకమో తెలిసింది కదా. కంత ఒక మెట్టు తగ్గిస్తాను."

మూడో రోజు పొద్దున మంచాన్ని వాకిట్లోకి మోశారు. తవిటయ్య నడిమి కంత బిళ్ళ దూర్చాడు. మీట నొక్కాడు. ఫోటో చేతికొచ్చేదాకా ఊరు ఊపిరి తీయలేదు.

కాల్చిన కుండ రంగులో పోలమ్మ ముఖం! ముక్కు మీద పుట్టుమచ్చ! వంకర మూతి!

పోలమ్మ చూసింది. ముక్కు తడుముకుంది. లేచి కూర్చుంది.

"ఏరా, మూతి ఇలగుంటే సెప్పొద్దా? మళ్ళీ తియ్యి. ముందు గంజి అట్టుకు రండి!"

ఊరు నోరు తెరిచింది. లచ్చన్న చెట్టెక్కే మోకుతాడు పాతదనీ, ఎద్దు ముసలిదనీ అప్పుడు గుర్తొచ్చింది.

ఏళ్ళు గడిచాయి. తవిటయ్య పోయాడు. అప్పుడు తెలిసింది, ఊరందరి ముఖాలూ తీసినవాడి ముఖం ఏ ఫోటోలోనూ లేదని. ఊరు అదిరిపోయింది. ముసలి పోలమ్మ మాత్రం సారె దగ్గరికి నడిచింది. అంచున సున్నపు చుక్క పెట్టి తిప్పింది.

"మొకం లేకపోతే ఏటి? సుక్కుంది కదా" అంది.

అందుకే ఆ ఊళ్ళో ఇప్పటికీ కొత్త సారెకు సున్నపు చుక్క పెట్టి, ఒక చుట్టు తిప్పాకే మొదటి కుండ చేస్తారు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాణ్ణి తిట్టరు. "వాడిది తవిటయ్య పెట్టె" అని గంట ముందే రమ్మంటారు.

నా మాటల్లో సగం తీసేశారుగా? ఆ చుక్క మాత్రం ఉంచండి.