లంగర్లు లేని గది

కుర్ర ఇంజనీరు తారకేశుకి ఒక చిక్కొచ్చిపడింది. లారీ మీద తీసుకెళ్లి ఎక్కడంటే అక్కడ దించే గది ఒకటి గీశాడు. చేపల పాలెంలో ప్రసవాలకీ టీకాలకీ అది. గాలికి ఎగరకూడదంటే గది బరువుండాలి, భూకంపానికి తట్టుకోవాలంటే తేలిగ్గా ఉండాలి. రెంటినీ ఒప్పించేదెలా?

వారం రోజులు తిండీ నిద్రా మానుకుని, చివరికి ఒక అంకె పట్టాడు. నాలుగు టన్నులు. తుఫాను గాలి పైకెత్తే బలం మూడే. భూకంపం లెక్కకీ సరిపోయింది. ఇంక గదిని నేలకి బిగించే లంగర్లెందుకు? తెప్పించినవి పెట్టెలోనే వదిలేశాడు. నేలకి ఒక్క చిల్లు పడకుండా గది నిలబడుతుందని కుర్రాడికి నేల మీద కాలు ఆనలేదు.

తీసుకెళ్లే రోజు గది పక్కన లారీ ఇంజను గుర్రుమంటోంది. గురువు లింగమూర్తి గారు సంతకం పెడితే బయల్దేరడమే. షెడ్డు ముందు ఒక పొడుగాటి చెక్కపెట్టె మీద కూర్చుని ఆయన కాగితాలన్నీ చదివారు. కలం మాత్రం తీయలేదు.

"ఈ నాలుగు టన్నుల్లో ఏవేం ఉన్నాయోయ్?"

"గది, మంచాలు, బీరువాలు, ఫ్రిజ్, పైన నీళ్ల ట్యాంకు, పదిమంది మనుషులండీ."

పాలెం నర్సు మేరీ సుగుణ సామాను సర్దించుకోడానికి వచ్చి అక్కడే ఉంది. ఆయన ఆవిడ వైపు తిరిగారు.

"అమ్మా, తుఫాను హెచ్చరిక వచ్చిందనుకో. ఏం చేస్తావు?"

"ఏముందండీ, ముందు గర్భిణుల్ని మండలం ఆస్పత్రికి పంపేస్తాం. టీకాలు పాడవుతాయని ఫ్రిజ్ ఎక్కించేస్తాం. మంచాలూ బీరువాలూ స్కూలు మేడ మీదికి. మేమూ అక్కడికే."

"అయితే తీయండి," అన్నారాయన.

తారకేశు అయోమయంగా చూశాడు. ఆయన నవ్వడంలేదు. గురుశిష్యులిద్దరూ మంచాలు మోశారు, బీరువాలూ ఫ్రిజ్జూ దించారు. ఎండకి తారకేశు చొక్కా తడిసి ముద్దయింది.

"ట్యాంకు నీళ్లు ఉంటాయి కదండీ!" అన్నాడు, ఆఖరి ఆశతో.

"గాలికి ముందే కరెంటు తీసేస్తారు. ఉన్న నీళ్లు అయిపోతే మోటారెవరు వేస్తారు సార్? పోయిన తుఫానుకి రెండ్రోజులు గుక్కెడు నీళ్లు లేవు మాకు," అంది సుగుణ.

లింగమూర్తి గారు వెళ్లి ట్యాంకు కుళాయి విప్పి వచ్చారు. నీళ్లన్నీ పోయాక ఖాళీ గది తలుపు మూసి గడియ పెట్టారు.

"ఇప్పుడెంత?"

తారకేశు వేళ్ల మీద లెక్కేశాడు. రెండు టన్నులు. గాలి లాగేది మూడు.

"మరి భూకంపం వస్తేనో, అమ్మా?"

"దానికి హెచ్చరికెక్కడిదండీ? అందరం లోపలే ఉంటాం. కాన్పుకొచ్చిన పిల్ల మంచం మీదే ఉంటుంది."

"విన్నావుగా. గాలికి ఖాళీ గది తూచు. భూమికి నిండు గది తూచు."

తారకేశుకి సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువ భయమేసింది, ఆ లారీ పొద్దున్నే కదిలిపోయుంటే ఏమయ్యేదోనని. అయినా ఒక్క మాట ఉండబట్టలేక అడిగేశాడు.

"లంగర్లు దింపితే ఇంక ఇది కదిలే గదెలా అవుతుందండీ?"

దానికి సుగుణే నవ్వేసింది. "బాగుంది సార్! మా పాలెంలో పడవలన్నిటికీ లంగర్లున్నాయి. ఒక్కటైనా వేటకెళ్లడం మానిందా?"

తారకేశు లారీ దగ్గరికి వెళ్లి ఇంజను ఆపమన్నాడు. తిరిగొచ్చి కాగితాలు తీసుకుని, తల దించుకునే అడిగాడు.

"లంగర్ల పెట్టె ఎక్కడుందండీ?"

లింగమూర్తి గారు లేచి పక్కకి జరిగారు. పొద్దుట్నుంచీ ఆయన కూర్చున్నది దాని మీదే.