నక్క గుమ్మం ముందు దారి

గొల్లగుట్టకు ఇవతల అడవి, అవతల కొంగల మడుగు, మధ్యలో ముళ్లకంప. వానలు పడ్డన్నాళ్లూ ఆ కంప సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఇవతలి వాగులోనే కావలసినన్ని నీళ్లుండేవి. ఎండలు ముదిరి వాగు ఇంకిపోయిందంటే మాత్రం ప్రతి ప్రాణీ మడుగుకు పోక తప్పదు. పెద్ద జంతువులు గుట్ట చుట్టూ తిరిగి పోయేవి. చిన్నవి కంపలోనే దూరి, ఒళ్లంతా గీరుకుని, ఎలాగో అవతల పడేవి.

కిందటి ఎండాకాలం కుందేళ్ల పెద్ద మునెమ్మ ఇద్దరు మనవరాళ్లను వెంటబెట్టుకుని నీళ్లకు బయలుదేరింది. ఒకదాన్నే మడుగు దాకా చేర్చగలిగింది. రెండోది కంపలో దారి తప్పి, దాహానికి సొమ్మసిల్లి, మళ్లీ లేవలేదు. అప్పటినుంచి సభ ఎప్పుడు జరిగినా మునెమ్మ ముందు వరుసలో కూర్చుని ఒకటే అడిగేది, మడుగుకు దారి వేయమని.

సభకు పెద్ద ఎలుగుబంటి పెద్దప్ప. మంచివాడే. కాకపోతే ఎవరు ఆఖరున మాట్లాడితే వాళ్లు చెప్పిందే న్యాయంగా తోచేది ఆయనకు. ఈ సంగతి కనిపెట్టి మునెమ్మ ఒకరోజు అందరూ మాట్లాడేదాకా ఓపిగ్గా ఆగి, ఆఖరున లేచింది. దారి వేయాలని తీర్మానమైపోయింది.

ప్రతి గుంపూ తనకు చేతనైనంత తిండి తెచ్చి చందాగా వేయాలి. ఆ తిండి పెట్టి అడవిపందుల చేత కంప కొట్టించి, నేల చదును చేయించాలి. చందా వసూలు చేయడానికీ, దారి ఎటు పోవాలో చూడడానికీ ఒకరు కావాలి గదా అని పెద్దప్ప చుట్టూ చూశాడు. అందరూ నేల చూపులు చూస్తుంటే నక్క చెంగల్రాయుడు లేచి, ఇంట్లో తనకు తీరిక లేకపోయినా నలుగురూ ఇంతగా బలవంతం చేస్తుంటే కాదనలేకపోతున్నానని అన్నాడు. అతన్ని ఎవరూ బలవంతం చేయలేదు. ఆ మాట అనడానికి కూడా ఎవరూ నోరు తెరవలేదు. అలా చెంగల్రాయుడు దారుల పెద్ద అయ్యాడు.

తరువాతి సభలో అతను పుల్లతో మట్టి మీద దారి గీసి చూపించాడు. వాగు దగ్గర మొదలైన గీత కంపలో కాస్త దూరం తిన్నగా పోయి, ఉన్నట్టుండి ఎడమకు తిరిగి, పల్లంలోకి దిగి, అక్కడ ఒక చుట్టు చుట్టి, మళ్లీ ఎగువకు ఎక్కి మడుగు చేరింది. ఆ పల్లంలో చెంగల్రాయుడి బొరియ ఉందని అడవిలో తెలియనివాళ్లు లేరు.

"తిన్నగా పోతే దగ్గర. ఈ మలుపు దేనికి నాయనా?" అని మునెమ్మ అడిగింది.

"తిన్నగా పోతే అంతా రాళ్లే మునెమ్మత్తా," అన్నాడు చెంగల్రాయుడు, ఎంతో ప్రేమగా. "పల్లంలో అయితే చల్లటి నీడ. నీలాంటి పెద్దవాళ్లు, పసిపిల్లలు మా గుమ్మం ముందు కాసేపు కూర్చుని పోతారని నా ఆశ."

కుందేళ్లలో ఒక్కటీ కదల్లేదు. కౌజుపిట్టలు ఒకదానికొకటి దగ్గరగా జరిగాయి.

మునెమ్మ మిగతావాళ్ల వైపు చూసింది గానీ, అక్కడ పని ముందే అయిపోయింది. చెంగల్రాయుడు అప్పటికే ఇంటింటికీ తిరిగాడు. పల్లంలో తేనెపట్లు ఉన్నాయి, దారి పడితే చెట్టు మొదట్లోకే పోవచ్చని పెద్దప్పకు చెప్పాడు. మలుపు పెరిగితే పని పెరుగుతుంది, పని పెరిగితే తిండీ పెరుగుతుందని పందుల మేస్త్రీ ఓబులేసుకు చెప్పాడు. చుట్టు మధ్యలో మిగిలే ఖాళీ జాగా నాట్యానికి ఎంత బాగుంటుందో చూడమని నెమలికి చెప్పాడు. దాంతో మలుపు అందరికీ నచ్చింది. నచ్చనిదల్లా ఆ దారిన రోజూ పోవలసినవాళ్లకే.

ఆ సాయంత్రం పడుచు కుందేళ్లు మండిపడ్డాయి. మనల్ని నక్క నోటి దాకా నడిపించే దారికి మనమే చందా ఇవ్వాలా, చిగురాకు కూడా ఇవ్వబోమని మొండికేశాయి. ఇవ్వకపోతే రేపు దారిలో కాలు పెట్టనివ్వరని మునెమ్మ సర్దిచెప్పింది. తిన్నగా వేయించే ఉపాయం ఏదైనా ఉందా అని అవి అడిగాయి. తన మాటకు బలం లేదని ఆమెకు తెలుసు. బలం ఉన్నవాళ్లు ఎవరా అని ఆలోచించుకుంటూ పడుకుంది.

మరునాడు పొద్దున్నే గుట్ట చుట్టూ తిరిగి ఏనుగుల దగ్గరికి పోయింది. మందకు పెద్ద ఈరమ్మ. ఆ ఏడు మందలో ఒక గున్న పుట్టింది. గుట్ట చుట్టూ ఎండలో నడిచి నడిచి దాని పాదాలు బొబ్బలెక్కాయి. ఈరమ్మ ఆ బెంగతోనే ఉంది. మునెమ్మ దారి సంగతి మొదటినుంచీ చెప్పింది. మలుపు సంగతీ దాచలేదు.

"కుందేళ్ల కోసం వేసే దారిలో మా కాలు పడుతుందా?" అంది ఈరమ్మ.

"చందా ఇచ్చినవాళ్ల కాలు పట్టేటట్టు వేయాల్సిందే కదమ్మా. మీరు ముందు నడిస్తే మీ వెనక మేం నిశ్చింతగా నడుస్తాం."

ఈరమ్మ చెవులు విసురుకుంది. "ఆ నక్క ఇల్లు నేల మీదా, నేల లోపలా?"

"లోపలమ్మా."

"మేం ఎంత బరువుంటామో ఆయనకు తెలుసా?"

"దారుల పెద్ద గదా," అంది మునెమ్మ. "తెలిసే ఉంటుంది."

తరువాతి సభకు ఏనుగులు చెరుకు మోపులతో వచ్చాయి. అంత చెరుకు ఆ అడవి ఎన్నడూ చూడలేదు. ఎక్కడిదని ఎవరూ అడగలేదు. చెంగల్రాయుడు మోపుల చుట్టూ ఒకసారి ప్రదక్షిణం చేసి, వాసన చూసి, కళ్లు మూసుకుని తెరిచాడు. చందా తమది కాబట్టి దారి తమకు తగినట్టు ఉండాలని, రెండు ఏనుగులు పక్కపక్కన నడిచేంత వెడల్పు కావాలని ఈరమ్మ చెప్పింది. రెండేమిటి, మూడు నడిచేంత వేయిస్తానన్నాడు చెంగల్రాయుడు. అతని చూపు ఆమె మీద లేదు, చెరుకు మీద ఉంది.

మునెమ్మ లేచి, ఇంత పెద్ద చందా వచ్చింది గదా, రాళ్లు తీయించి తిన్నగా వేయించకూడదా అని ఆఖరుసారిగా అడిగింది.

చెంగల్రాయుడికి చిరాకేసింది. "అత్తా, దారుల సంగతి నాకు వదిలెయ్. నేను గీసినట్టే పోతుంది."

పని మొదలైంది. పందులు కంప కొడుతూ, నేల చదును చేస్తూ మలుపు వైపు సాగాయి. రోజూ చందాలోంచి వాటికి తిండి పోయేది. రోజూ కొంత చెరుకు చెంగల్రాయుడి బొరియలోకీ పోయేది. పెద్దరికం ఊరికే చేయరు గదా అని అతను తనకు తాను చెప్పుకున్నాడు. కొన్నాళ్లకు బొరియ నిండిపోయింది. పడుకోవడానికి చోటు లేక భార్య కుప్పమ్మ గొడవకు దిగింది. చెంగల్రాయుడు దారి వైపు మట్టి మెత్తగా ఉందని చూసి, అటు పక్కగా ఒక పెద్ద గది తవ్వి, చెరుకంతా అందులో పేర్చాడు. గది పైకప్పు మీదుగా దారి చక్కగా చదునై పోయింది.

దారి తెరిచిన రోజు సందడి అంతా ఇంతా కాదు. నెమలి ఆడింది. పెద్దప్ప పొద్దుటినుంచే తేనె తాగి వచ్చి, ఈ దారి మన పిల్లల భవిష్యత్తు అని, తరువాత ఏం చెప్పాలో మరిచిపోయి, మళ్లీ అదే మాట చెప్పి కూర్చున్నాడు. చెంగల్రాయుడి మెడలో మోదుగపూల దండ వేశారు. మడుగుకు పోయేవాళ్లంతా ఈ సాయంత్రమే తన గుమ్మం ముందునుంచే పోవాలని అతను చేతులు జోడించి మరీ పిలిచాడు.

పొద్దు వాలుతుండగా చెంగల్రాయుడు, కుప్పమ్మ గుమ్మంలో కూర్చున్నారు. పొద్దుటినుంచీ ఏమీ తినలేదు, ఆకలి మిగుల్చుకున్నారు. మొదట లేత కుందేలు వస్తే బాగుండునని కుప్పమ్మ అంటే, కౌజుపిట్టతో మొదలుపెట్టడం మర్యాదని చెంగల్రాయుడు అన్నాడు. ఇంతలో కాళ్ల కింద నేల అదిరింది.

మలుపు తిరిగి ముందు ఈరమ్మ వచ్చింది. ఆమె వెనక మంద, మంద మధ్యలో గున్న. పెద్ద కాళ్ల నీడలో కుందేళ్లు, కౌజులు, ముంగిసలు పెళ్లివారిలా కబుర్లాడుకుంటూ నడుస్తున్నాయి. దుమ్ము మేఘంలా లేచింది. చెంగల్రాయుడు లోపలికి తప్పుకున్నాడు. ఈరమ్మ ముందు కాలు మోపింది. రెండో కాలు మోపింది. మూడో కాలికి కొత్త గది పైకప్పు కూలిపోయింది.

ఈరమ్మ ఏమాత్రం కంగారుపడకుండా కాలు పైకి తీసుకుని, గుంటలోకి తొంగి చూసింది. అందులో చెరుకు మోపులు కనబడ్డాయి. తొండంతో ఒక్కొక్క మోపే తీసి పిల్లలకు పంచి, మడుగు వైపు సాగిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు పాత గది కూడా కూలింది.

ఆ తరువాత ఏనుగులు పొద్దునా సాయంత్రం తప్పకుండా పోయేవి, వచ్చేవి. చెంగల్రాయుడు తవ్వడం, ఏనుగులు తొక్కడం. తిండి లేదు, నిద్ర లేదు. ఏనుగుల మధ్యలో నడిచే కుందేళ్లను నోరూరుతుండగా చూడడమే మిగిలింది. ఈ బొరియ వదిలి పోదామంటే కుప్పమ్మ ఒప్పుకోలేదు. అది ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చిన బొరియ.

"దారి మన గుమ్మం ముందుకు తెస్తానన్నావు, తెచ్చావు," అంది కుప్పమ్మ, చెవుల్లోంచి మట్టి దులుపుకుంటూ. "ఇప్పుడు తీసుకుపో."

చెంగల్రాయుడు ఈరమ్మ దగ్గరికి పోయి, ఆమె కాళ్లకు కాస్త ఎడంగా నిలబడి, మునుపటిలా గుట్ట చుట్టూ పోరాదా అని బతిమాలాడు. అంతకన్నా దగ్గరి దారి ఉంటే చూపించమని, సంతోషంగా అటే పోతామని ఆమె మర్యాదగా చెప్పింది.

ఇక సభకు పోయాడు. దారిని తిన్నగా వేయించాలని, మలుపు వల్ల ప్రజలకు దూరం ఎక్కువైందని, తన మనసు కుమిలిపోతోందని గట్టిగా మాట్లాడాడు. ఆఖరున మాట్లాడింది అతనే కాబట్టి పెద్దప్ప వెంటనే ఒప్పుకున్నాడు. చందాలో మిగిలిన తిండి పెట్టి రేపే పని మొదలుపెట్టమన్నాడు.

"మిగిలింది ఎంతుంది?" అని ఓబులేసు అడిగాడు.

ఆ మాట చెప్పవలసింది దారుల పెద్దే. సభ అంతా అతని వైపు చూసింది. చెంగల్రాయుడు ఆకాశం వైపు చూశాడు. తిండి లేకుండా తన పందులు ముట్టె కూడా ఆనించవని ఓబులేసు తేల్చేశాడు. మళ్లీ చందా వేయడానికి ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు మునెమ్మ లేచింది.

"దారి తిన్నగా ఉండాలని చెంగల్రాయుడికి మనందరికన్నా ఎక్కువ ఆశగా ఉంది," అంది. "అంత ఆశ ఉన్నవాడి చెయ్యి మనం ఎందుకు పట్టుకోవాలి? చేసుకోనిద్దాం."

ఇప్పుడు ఆఖరున మాట్లాడింది మునెమ్మ. పెద్దప్పకు ఇదీ న్యాయంగానే తోచింది.

మరునాటినుంచి చెంగల్రాయుడు ఒక్కడే కంపలోకి దిగాడు. పళ్లతో కొమ్మలు లాగాడు, పంజాలతో రాళ్లు పెకలించాడు. ముక్కునిండా ముళ్లు దిగాయి, కుంచెలాంటి తోక బోసిపోయింది. అతను చెప్పినన్ని రాళ్లు అక్కడ లేవుగానీ, ఉన్నవి చాలు. సాయంత్రం ఇంటికి పోతే కుప్పమ్మ మరో కూలిన గది చూపించేది. దాంతో మరునాడు ఇంకా తొందరగా లేచేవాడు. నీళ్లకు పోతూ వస్తూ కుందేళ్లు ఏనుగుల కాళ్ల సందుల్లోంచి అతని పని చూసేవి. మునెమ్మ ఒక్కతే ఒకరోజు ఆగి, తన మనవరాలు పడిపోయిన పొద ఏదో చూపించి, దాన్ని వేళ్లతో సహా తీసెయ్యమంది. అతను తల వంచుకుని తీశాడు.

ఎండాకాలం ముగిసేలోపల తిన్నని దారి పడింది. ఏనుగులు మాట ప్రకారం అటు మళ్లాయి. వాటి వెంట చిన్నవీ మళ్లాయి. పల్లంలో మలుపు మీద మళ్లీ కంప అల్లుకుంది. చెంగల్రాయుడి బొరియ వైపు ఇప్పుడు ఎవరూ రారు.

వాన కురిసే ముందు పెద్దప్ప సభ పెట్టి, తన చేతులతో దారి వేసిన దారుల పెద్ద మరొకడు లేడని చెంగల్రాయుణ్ణి పొగిడి, ఈసారి వాగు మీద వంతెన బాధ్యత కూడా అతనే తీసుకోవాలని కోరాడు. కుప్పమ్మ భర్త తోక గట్టిగా పట్టుకుని, లేవనివ్వలేదు.

అందరి దారినీ తన గుమ్మానికి తిప్పుకున్నవాడు, ఆ దారిన ఎవరొచ్చినా భరించక తప్పదు.