చందువ దొర కొత్త మడుగులో దిగిన కథ

ఒకప్పుడు ఉప్పునీరు ఎక్కడ నిలిస్తే అక్కడ చేప వెంటనే బతకగలిగేది. రాతిగుంటలో నిలిచినా, పడవ అడుగున నిలిచినా, వెల్లకిలా పడ్డ ఆల్చిప్పలో నిలిచినా సరే. పొద్దున నీరు చేరితే మధ్యాహ్నానికి చేపలు కాపురం పెట్టేసేవి.

ఎందుకంటే నీటి వెంటే నూకమ్మ మనుషులు వచ్చేవాళ్ళు. నూకమ్మ మనుషులంటే కంటికి కనబడనంత చిన్న ప్రాణులు. ఒక్క ఇసుక రేణువు మీద వాళ్ళ ఊళ్ళు వంద పడతాయి. చేపలు తిని వదిలిందీ, తినకుండా వదిలిందీ కుళ్ళితే నీటిలో ఘాటు పుడుతుంది. ఆ ఘాటు చేపలకు విషం. నూకమ్మ మనుషులు దాన్ని తినేసి చేదుగా మార్చేవాళ్ళు. ఆ చేదును నూకమ్మ తోడికోడలు పోలమ్మ మనుషులు తినేవాళ్ళు. దాంతో నీరు మళ్ళీ తేటపడేది.

వాళ్ళను ఎవరూ పిలవక్కర్లేదు. ఎవరూ దణ్ణం పెట్టిందీ లేదు. కనబడనివాళ్ళకు దణ్ణం ఎవరు పెడతారు?

ఆ రోజుల్లో ఒక పాత రాతిదిబ్బ దగ్గర చందువ దొర అనే చేప ఉండేవాడు. వెండిపళ్ళెంలా మెరిసే ఒళ్ళు. చంద్రుడు తనకు మేనమామ అని చెప్పుకునేవాడు. "చందమామ అందరికీ మామే కదండీ" అని ఎవరైనా అంటే, "మీకు వరసకి, నాకు రక్తానికి" అనేవాడు.

ఒక ఏడు పెద్ద తుఫాను వచ్చి ఒడ్డున కొండచరియ విరిగింది. అక్కడ కొత్త మడుగు ఏర్పడింది. తెల్లటి ఇసుక, నున్నటి రాళ్ళు, అద్దంలాంటి నీరు. పున్నమికీ అమావాస్యకీ, వాటి ముందూ వెనకా రోజుల్లోనూ వచ్చే పెద్దపోటు మాత్రమే గట్టు దాటి అందులోకి వచ్చేది. మిగతా రోజుల్లో లోపలివాళ్ళు లోపలే, బయటివాళ్ళు బయటే. దొరకు అదే బాగా నచ్చింది.

"అడ్డమైనవాళ్ళూ రారు. ఇదే నా కొత్త ఇల్లు" అని పున్నమి నాటి పోటుకు పది రొయ్యలను వెంటబెట్టుకుని చూడ్డానికి వెళ్ళాడు. ఒక రాయిని మూతితో రాసి చూశాడు. కాస్త జిగురు తగిలింది.

"ఎవరక్కడ?"

"నూకమ్మని బాబూ. నిన్ననే వచ్చి దిగాం" అని రాయి మీద నుంచి సన్నటి గొంతు వినబడింది.

"మిమ్మల్ని ఎవరు పిలిచారు?"

"ఎవరు పిలుస్తారు బాబూ. నీరున్న చోటికి వస్తాం. పెరటి పని చూసేవాళ్ళు లేకపోతే ఇల్లెలా నడుస్తుంది?"

"నా ఇంటికి పెరడు లేదు, అంతా ముంగిలే. మీరు శుభ్రం చేయాల్సిన అలవాట్లు మా వంశంలో ఎవరికీ లేవు."

ఆ వంశం అలవాట్లు నాలుగు తరాలుగా నూకమ్మకు తెలుసు.

రొయ్యలు రాళ్ళన్నీ తోమాయి. ఇసుకంతా కడిగాయి. నూకమ్మ మనుషులనూ పోలమ్మ మనుషులనూ జిగురుతో సహా ఊడ్చి గట్టు అవతల పారబోశాయి. మడుగు తళతళలాడింది.

ముహూర్తం పెట్టడానికి సన్యాసి పీత వచ్చాడు. ఇళ్ళు మారడంలో అతనికున్న అనుభవం మరెవరికీ లేదు. చచ్చిన నత్తల గుల్లల్లో దూరి ఇప్పటికి పదకొండు ఇళ్ళు మారాడు. కట్టింది మాత్రం ఒక్కటీ లేదు.

"రేపటి పోటు దివ్యంగా ఉంది. ఈ నీటిలో వెతికినా దోషం దొరకదు" అని చెప్పి, సంభావన పుచ్చుకుని, పోటు తీయకముందే వెళ్ళిపోయాడు.

మర్నాడు నలభైమంది చుట్టాలు దిగారు. కానాగంత చేపలు వచ్చాయి, కవళ్ళ గుంపు వచ్చింది. పేరులోనే పండుగ ఉంది కదా అని పండుగప్ప పిలవకుండానే వచ్చాడు. అందరూ కడుపు పగిలేలా తిన్నారు. మిగిలింది ఇసుకలో పడేశారు. తిన్నది కూడా కాసేపటికి ఇసుకలోనే పడింది. ఈ మాట ఎవరూ పైకి అనలేదు. పోటు తీసింది, గట్టు పైకి తేలింది, దారి మూసుకుంది.

రెండో రోజు ఒక కానాగంత పిల్ల "అమ్మా, కళ్ళు మండుతున్నాయి" అంది.

"కొత్తిల్లు అలాగే మండుతుంది. దొరగారు వింటారు, ఊరుకో" అంది వాళ్ళమ్మ.

మూడో రోజు అందరి మొప్పలూ ఎర్రబడ్డాయి. "దొరగారి ఇంటి నీరే వేరు. ఎంత కారంగా ఉందో" అని పండుగప్ప మెచ్చుకున్నాడు. నాలుగో రోజు అతను వెల్లకిలా తేలాడు. దొరగారి ముందు అలా పడుకోవడం మర్యాద కాదని కొందరు గుసగుసలాడారు. కాసేపటికి గాని సంగతి తెలియలేదు.

అంత పెద్ద ఒళ్ళు కుళ్ళడంతో ఘాటు రెట్టింపయింది. ఐదో రోజు చందువ దొర కూతురు రేక ఇసుక మీద ఒరిగిపోయి నోరు తెరిచి ఆయాసపడసాగింది.

గట్టు అవతల సముద్రం హోరు వినబడుతూనే ఉంది. అమావాస్య పోటు ఇంకా పది రోజులు. దొర గట్టు మీదికి ఎగిరాడు, పడ్డాడు, మళ్ళీ ఎగిరాడు. ఒంటి మీది వెండి ఊడిపోయింది గాని చుక్క నీరు రాలేదు. అప్పుడు రాయి రాయికీ తిరిగి పిలవడం మొదలుపెట్టాడు.

"నూకమ్మా, ఉన్నావా?"

నాలుగో రాయి పగుల్లోంచి గొంతు వచ్చింది. "ఉన్నాం బాబూ. రొయ్య కాలు అందని చోట కొద్దిమందిమి మిగిలాం."

"ఈ ఘాటు తినమ్మా. ఏదడిగితే అది ఇస్తాను."

"చెప్పాలా బాబూ? ఐదు రోజులుగా తింటూనే ఉన్నాం. చేతులు చాలడం లేదు. మేము తిని పిల్లల్ని కనాలి, ఆ పిల్లలు తిని మళ్ళీ కనాలి. మీరు నలభైమంది ఒక్క పోటుకు దిగారు. మాకు అలా కుదరదు."

"మరి నా బిడ్డ?"

నూకమ్మ అంది, "ఈ పగుల్లో నీరు కాస్త నయం. పిల్లను ఇటు తీసుకురా. వెనకాల ఆ కానాగంత పిల్లను కూడా."

"ఇద్దరికీ చోటు చాలుతుందా?"

"జరిగి కూర్చుంటే చాలుతుంది. నీ వంశానికి అలవాటు లేదేమో."

నూకమ్మ నోట 'బాబూ' అన్న మాట ఎగిరిపోయిందని దొరకు తెలిసింది. ఇద్దరు పిల్లలనూ పగుల్లోకి నెట్టాడు. ఘాటు ఇంకా పెరగకూడదని ఆ పది రోజులూ మడుగులో ఎవరూ ముద్ద ముట్టలేదు.

అమావాస్య పోటు వచ్చేసరికి ఆ పిల్లలిద్దరూ, మరో తొమ్మిదిమందీ ప్రాణాలతో ఉన్నారు. కానాగంత తల్లి వాళ్ళలో లేదు. దొర ఆ పిల్లను తన కూతురు పక్కనే ఉంచుకుని బయటికి నడిపించాడు. గట్టు దగ్గర ఆగి, "ఇకమీద మేము ఎక్కడికి వెళ్ళినా మీరూ రండమ్మా" అన్నాడు.

"పిలవకుండా వస్తే ఏమవుతుందో చూశాం" అంది నూకమ్మ. "ఇక కొత్త నీటికి మా అంతట మేము రాం. మేమున్న పాత రాయి ఒకటి తెచ్చి ముందు నీటిలో దించాలి. మాకు ఇంత తిండి వేయాలి. ఇసుక మీద గోధుమరంగు పాచి పడుతుంది, చూడలేక తోమెయ్యకూడదు. నేను కుదురుకున్నాక నా తోడికోడలు వస్తుంది. అది కూడా కుదురుకున్నాక మీరు ఒక్కొక్కరే రండి."

"ఎన్నాళ్ళు పడుతుందమ్మా?"

"మా పిల్లలు ఎదిగినన్నాళ్ళు. మీ ముహూర్తాలు మాకు పట్టవు."

ఈ మాట విని సన్యాసి పీత తాను చెప్పింది వేరే పోటు గురించని అన్నాడు. ఇంకో గుల్లలోకి మారిపోయాడు.

అప్పటినుంచే కొత్త ఉప్పునీరు ఎంత తేటగా మెరిసినా అందులో వెంటనే దిగిన చేప బతకదు. గాజుతొట్టిలో సముద్రం పెంచుకునేవాళ్ళు ముందు పాత రాయి దించి, నెలో నెలన్నరో ఒట్టి నీటిని చూస్తూ కూర్చుంటారు. ఇంటికొచ్చిన చుట్టాలు "ఇందులో ఏమీ లేవే?" అని నవ్వుతారు. తెలిసినవాళ్ళు నవ్వరు. "ఇంటివాళ్ళు దిగుతున్నారు. అద్దెకుండేవాళ్ళు తర్వాత వస్తారు" అంటారు.